ఇంట్లో 110 ఉండే షుగర్, ఐసీయూలో 170 ఎందుకు?

హనుమకొండ నుంచి ఒక ఉపాధ్యాయురాలు రాసిన ఉత్తరం ఇది. ఆమె తండ్రికి 66 ఏళ్లు, పరకాల దగ్గరి పల్లెలో మిరప, పత్తి సాగు చేస్తారు. పన్నెండేళ్లుగా షుగర్ ఉన్నా, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ గోళీలు వేసుకుంటూ, పొలం పని మానకుండా, పరగడుపు షుగర్‌ను 110కి అటూ ఇటూగా ఉంచుకుంటూ వచ్చిన మనిషి. మొన్న మూడు రోజులు జ్వరం, దగ్గు వచ్చి అన్నం ముట్టలేదు. తినకుండా గోళీలు వేస్తే షుగర్ పడిపోతుందన్న భయంతో, గోళీలు ఆపమని ఈమే ఫోన్లో తల్లికి చెప్పారు. నాలుగో రోజు ఆయాసం మొదలై, మాట తడబడుతుంటే వరంగల్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకొచ్చారు. రెండు ఊపిరితిత్తుల్లోనూ న్యుమోనియా ఉంది, బీపీ పడిపోయింది, షుగర్ 386 ఉంది. ఆ రాత్రే వెంటిలేటర్ పెట్టారు.

ఉత్తరం రాసేనాటికి ఏడో రోజు. పొద్దున, సాయంత్రం లోపలికి పంపినప్పుడల్లా ఆమె చార్టులోని షుగర్ అంకెలను ఒక నోటుబుక్కులో ఎక్కించుకుంటున్నారు. రెండో రోజుకు 210కి దిగింది, మూడో రోజు నుంచి 150కి, 190కి మధ్య నడుస్తోంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే అన్నకు ఈ అంకెలు మింగుడు పడలేదు. "ఇంట్ల 110 ఉండె షుగర్ దవాఖాన్ల 180 ఎట్లుంటది? వాళ్లు పట్టించుకుంటలేరు" అని రోజూ ఫోన్లో అంటున్నారు. ఒక గ్లూకోమీటర్ కొని పంపించి, ఎవరూ చూడనప్పుడు ఒకసారి పరీక్ష చేయమన్నారు. ఈమె చేశారు. చార్టులో 178 ఉన్న గంటలోనే ఆ మీటర్ 212 చూపించింది.

ఐదో రోజు రాత్రి మరొకటి జరిగింది. పది గంటలకు షుగర్ 158 ఉంది. పదిన్నరకు స్కాన్ కోసమని ముక్కు గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం ఆపారు. ఒకటిన్నరకు నుదురు, మెడ చెమటతో తడిసిపోయి ఉండటం గమనించి సిస్టర్ పరీక్ష చేస్తే 52 వచ్చింది. నరంలోకి గ్లూకోజ్ ఇచ్చాక పావుగంటలో 124కు పెరిగింది. తెల్లవారి ఆ సిస్టరే వచ్చి జరిగింది చెప్పి, ఆహారం ఆపినప్పుడు ఇన్సులిన్ పంపు తగ్గించాల్సి ఉండెనని బాధపడ్డారు. అప్పటి నుంచి అన్న, బాపును వెంటనే హైదరాబాదుకు మార్చాలని, ఆసుపత్రి మీద ఫిర్యాదు పెట్టాలని పట్టుబడుతున్నారు. తల్లి మాత్రం "గోళీలు ఆపుమన్నవ్ గదా బిడ్డా" అని ఒక్క మాట అని, ఆ తర్వాత మౌనంగా ఉండిపోయారు. షుగర్‌ను ఇంకా తగ్గించమని డాక్టర్లను అడగాలా, అసలు ఇన్సులిన్ ఆపమనాలా, మార్చాలా వద్దా, ఇన్సులిన్ జీవితాంతం అలవాటైపోతుందా, ఇదంతా తన వల్లే జరిగిందా అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరం అందిన సాయంత్రమే అత్యవసరమైన రెండు మూడు మాటలు మెయిల్‌లో రాసి పంపాను. ఇలాంటి ఐసీయూ వాకిళ్ల ముందు కూర్చున్న కుటుంబాలు ఇంకా ఎన్నో ఉంటాయి కనుక, మీ అనుమతితో వివరంగా ఇక్కడ రాస్తున్నాను. నేను మీ నాన్నగారిని చూడలేదు, కేసు షీటు చదవలేదు. ఆయన విషయంలో చివరి మాట పడక పక్కన నిలబడి చూస్తున్న వైద్యులదే. అయితే మీ నోటుబుక్కులోని అంకెలు, వాటి పక్కన మీరు రాసుకున్న వేళలు చాలా సంగతులు చెబుతున్నాయి. ఆందోళనలో కూడా అంత శ్రద్ధగా రాసుకున్నందుకు మిమ్మల్ని మెచ్చుకోకుండా ఉండలేను.

ముందుగా, ఆసుపత్రికి వచ్చేసరికి 386 ఎందుకుందో చూద్దాం. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిసాల్, గ్లూకగాన్ వంటి హార్మోన్లను పెద్ద ఎత్తున విడుదల చేస్తుంది. అవి కాలేయంలో దాచిపెట్టుకున్న గ్లూకోజ్‌ను రక్తంలోకి వదిలిస్తాయి, కొత్తగా తయారు కూడా చేయిస్తాయి. అదే సమయంలో కండరాల మీద ఇన్సులిన్ ప్రభావం మందగిస్తుంది కాబట్టి, వచ్చిన గ్లూకోజ్ లోపలికి వెళ్లక రక్తంలోనే పేరుకుంటుంది. దానికి తోడు పడిపోయిన బీపీని నిలబెట్టడానికి ఇచ్చే నార్‌అడ్రినలిన్, కొందరికి అవసరమయ్యే హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్, గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం కూడా షుగర్‌ను పైకి నెడతాయి. జీవితంలో ఎన్నడూ షుగర్ లేని మనిషికి సైతం ఐసీయూలో 200 దాటడం మేము తరచుగా చూస్తాం. కాబట్టి ఇంటి దగ్గర గోళీలతో, నడకతో, మితమైన తిండితో సాధించిన 110ని, ఈ పోరు మధ్యలో ఉన్న శరీరం నుంచి ఆశించడం న్యాయం కాదు.

మీ అన్నగారు అడుగుతున్నది పిచ్చి ప్రశ్న కాదని కూడా చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట ప్రపంచంలోని పెద్ద పెద్ద ఐసీయూలు అచ్చంగా ఆయనలాగే ఆలోచించాయి. 2001లో బెల్జియంలోని లూవెన్ నగరంలో ఒక వైద్య బృందం, ఎక్కువగా ఆపరేషన్ అయి ఐసీయూలో చేరిన 1,548 మందిని తీసుకుని, సగం మందికి షుగర్‌ను 80 నుంచి 110 మధ్య గట్టిగా అదుపు చేసింది, మిగతా సగం మందికి 180, 200 వరకు ఉండనిచ్చింది. గట్టిగా అదుపు చేసిన వారిలో ఐసీయూ మరణాలు 8 శాతం నుంచి 4.6 శాతానికి తగ్గాయి. ఆ ఫలితం చూసి ఎక్కడెక్కడి ఐసీయూలలోనూ 110 ఒక నియమంలా మారిపోయింది. కానీ 2006లో అదే బృందం మెడికల్ ఐసీయూలోని 1,200 మంది మీద, అంటే ఇన్‌ఫెక్షన్లు, ఊపిరితిత్తుల జబ్బుల వంటి వాటితో చేరినవారి మీద, అదే పద్ధతిని పరీక్షిస్తే మొత్తం మీద మరణాలు తగ్గలేదు.

ఆ తర్వాత 2009లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా, అమెరికా ఆసుపత్రులు కలిసి 6,104 మందితో చేసిన నైస్‌షుగర్ అధ్యయనం వచ్చింది. అందులో షుగర్‌ను 81 నుంచి 108 మధ్య ఉంచిన వారిలో 90 రోజులలోపు 27.5 శాతం మంది చనిపోగా, 180 లోపు ఉంచితే చాలనుకున్న వారిలో 24.9 శాతం మంది చనిపోయారు. అంటే 110 కోసం పట్టుబట్టినందుకు ప్రతి వెయ్యి మందిలో 26 మంది అదనంగా పోయారు. షుగర్ 40కి లేదా అంతకంటే కిందికి పడిపోవడం మొదటి గుంపులో 6.8 శాతం మందికి, రెండో గుంపులో 0.5 శాతం మందికి జరిగింది. నేను ఈ అంకెలు మొదటిసారి చదివిన రోజు నాకింకా గుర్తుంది, ఎందుకంటే అప్పటిదాకా చార్టులో 105 కనబడితే తృప్తిపడిన వైద్యుల్లో నేనూ ఒకణ్ణి. లూవెన్ ఫలితం అబద్ధమని కాదు. అక్కడ రోగులకు మొదటి రోజుల నుంచే నరం ద్వారా ఎక్కువ గ్లూకోజ్, పోషకాలు ఇచ్చేవారు, అందువల్ల ఇన్సులిన్ వల్ల మేలు ఎక్కువగా కనిపించి ఉండవచ్చు. 2023లో ఆ లూవెన్ వైద్యులే, అలా నరం ద్వారా తొందరపడి పోషకాలు ఇవ్వకుండా 9,230 మందితో మళ్లీ పరీక్షించినప్పుడు, గట్టిగా అదుపు చేసినందువల్ల ఐసీయూలో ఉండాల్సిన రోజులు గానీ మరణాలు గానీ తగ్గలేదు.

ఇవన్నీ చూశాకే, ఐసీయూలోని చాలామందికి షుగర్ 180 దాటినప్పుడు ఇన్సులిన్ మొదలుపెట్టి, 140 నుంచి 180 మధ్య నిలపాలని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. పైన 180 అనే గీత ఊరికే గీయలేదు. దాదాపు ఆ స్థాయి దాటితేనే గ్లూకోజ్ మూత్రంలోకి పొంగి, తనతో పాటు నీటిని, లవణాలను లాక్కుపోతుంది. షుగర్ బాగా పెరిగినప్పుడు తెల్ల రక్తకణాలు సరిగా పనిచేయక ఇన్‌ఫెక్షన్ ముదిరే ప్రమాదమూ ఉంది. కాబట్టి 250, 300 దగ్గర వదిలేయడం కూడా నిర్లక్ష్యమే. గుండె ఆపరేషన్ అయినవారి వంటి కొందరికి, షుగర్ పడిపోకుండా చూడగలిగితే 110 నుంచి 140 మధ్య ఉంచే ప్రయత్నం చేయవచ్చు. కానీ న్యుమోనియాతో, బీపీ మందు మీద, వెంటిలేటర్ మీద ఉన్న 66 ఏళ్ల మనిషికి 150, 170, 165 అంటూ నిలకడగా నడుస్తున్న అంకెలు, ఎవరో పూనుకుని అక్కడ ఆపి ఉంచితే తప్ప రావు. మీ నోటుబుక్కులో మూడో రోజు నుంచి నాకు కనిపిస్తున్నది ఆ శ్రమే. ఒకటి రెండుసార్లు 190 తాకడం దానికి మచ్చ కాదు.

ఇక ఐదో రోజు రాత్రి. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడి తప్పించుకోను. జరిగింది లోపమే.

మీ నాన్నగారి పడక పక్కన కర్రకు బిగించిన చిన్న యంత్రాన్ని మీరు చూసే ఉంటారు, అందులో పడుకోబెట్టిన 50 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి కంటికి తెలియనంత మెల్లగా ఖాళీ అవుతూ ఉంటుంది. అదే ఇన్సులిన్ పంపు. సాధారణంగా 50 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్‌ను సెలైన్‌తో కలిపి 50 మిల్లీలీటర్లు చేస్తారు కాబట్టి, తెర మీద 2.0 అని ఉంటే గంటకు రెండు యూనిట్లు వెళ్తున్నట్టు. చర్మం కింద ఇచ్చే ఇన్సులిన్ బీపీ తక్కువగా ఉండి ఒళ్లు నీరు పట్టినప్పుడు ఎప్పుడు ఎంత రక్తంలోకి ఎక్కుతుందో చెప్పలేం, అందుకే ఐసీయూలో నరం ద్వారా ఇస్తారు. నరంలోకి వెళ్లిన ఇన్సులిన్ కొద్ది నిమిషాల్లోనే రక్తంలో తగ్గిపోతుంది, పెంచితే వెంటనే పెరుగుతుంది, ఆపితే త్వరగా ఆగుతుంది. ఆ పంపు వేగాన్ని ఒకవైపు షుగర్ అంకెను, మరోవైపు గొట్టంలో వెళ్తున్న ఆహారాన్ని చూసి సరిచేస్తూ ఉండాలి. ఆహారం ఆగి, పంపు ఆగకపోతే ఏమవుతుందో ఆ రాత్రి ఒకటిన్నరకు తెలిసింది.

స్కాన్ కోసం ఆహారం ఆపడం మామూలే. ఆపిన క్షణంలోనే పంపును తగ్గించాలి లేదా ఆపాలి, లేదంటే బదులుగా 10 శాతం గ్లూకోజ్ సెలైన్ పెట్టాలి, గంటగంటకూ షుగర్ చూడాలి. మీరు రాసిన వేళల ప్రకారం పది గంటల తర్వాత మూడున్నర గంటల పాటు పరీక్ష జరగలేదు. అదీగాక మీ నాన్నగారి క్రియాటినిన్, అంటే మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె, ఉండాల్సిన దానికంటే ఎక్కువగా 2.1 ఉందని రాశారు. మూత్రపిండాలు మందగించినప్పుడు ఇన్సులిన్ ఒంట్లో నుంచి పోవడం ఆలస్యమవుతుంది. ఇన్‌ఫెక్షన్ తగ్గుముఖం పడుతుంటే శరీరానికి ఇన్సులిన్ అవసరమే తగ్గిపోతుంది, నిన్న సరిపోయిన మోతాదు ఈరోజు ఎక్కువైపోతుంది. ఆ రాత్రి ఈ మూడూ ఒకచోట కలిసి ఉండవచ్చు.

మెలకువగా ఉన్న మనిషైతే చేతులు వణుకుతున్నాయనో, ఆకలి దంచేస్తోందనో చెప్పేవాడు. మత్తుమందు మీద, గొంతులో గొట్టంతో ఉన్న మనిషి చెప్పలేడు. చెమట, గుండె వేగం మాత్రమే చెప్పాలి, ఒక్కోసారి అవి కూడా చెప్పవు. మెదడు ప్రధానంగా గ్లూకోజ్ మీదే బతుకుతుంది కాబట్టి, చాలా తక్కువ షుగర్ చాలాసేపు ఉంటే మూర్ఛ, గుండె లయ తప్పడం, మెదడుకు శాశ్వత హాని వరకు పోవచ్చు. మీ భయం అర్థం లేనిది కాదు. అయితే 52 దగ్గర పట్టుకుని, పావుగంటలో 124కు తెచ్చిన సందర్భంలో మెదడుకు శాశ్వతంగా హాని జరగడం సాధారణంగా ఉండదు. ఆ రాత్రి ఆ సిస్టర్ తడిసిన నుదురు చూసి, జ్వరం దిగుతున్న చెమటలే అనుకుని వెళ్లిపోలేదు, వేలు గుచ్చి చూశారు. తెల్లవారి దాచకుండా మీకు చెప్పారు. ఇదంతా లెక్కలోకి తీసుకోండి.

ఈ లోపం విషయంలో మీ ముందు కొన్ని దారులున్నాయి. మీ అన్నగారు కోరినట్టు ఇప్పుడే ఫిర్యాదు పెట్టవచ్చు, అది మీ హక్కు. కానీ తండ్రి ఇంకా వాళ్ల చేతుల్లో ఉండగా గొడవ పెద్దదైతే, ఆ సిస్టర్ చెప్పినట్టు మరొకరు మరోసారి చెప్పకపోవచ్చు. సిబ్బంది మీతో ముక్తసరిగా మాట్లాడటం మొదలైతే, మీ నోటుబుక్కు ఖాళీగా మిగులుతుంది. అసలేమీ అడగకుండా ఊరుకోవడం రెండో దారి, దానివల్ల అదే తప్పు మళ్లీ జరిగే అవకాశం అలాగే ఉంటుంది. నేనైతే మీ స్థానంలో ఉదయం రౌండ్ల తర్వాత పెద్ద డాక్టరుగారి దగ్గర ఐదు నిమిషాలు అడిగి, ఆ రాత్రి సంగతి కేసు షీటులో నమోదైందా, ఇకపై గొట్టంలో ఆహారం ఏ కారణం చేతనైనా ఆపినప్పుడు పంపు సంగతి ఎవరు చూస్తారు, షుగర్ ఎంత తరచుగా చూస్తారు, ఎంతకు పడితే పంపు పూర్తిగా ఆపుతారు అని మర్యాదగా, వివరంగా అడిగేవాణ్ణి. మంచి ఐసీయూలో దీనికి రాతపూర్వకమైన పద్ధతి ఉంటుంది, చూపించడానికి వెనకాడరు. సరైన జవాబు రాకపోతే, లేదా మళ్లీ అలాగే జరిగితే, అప్పుడు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మీ నోటుబుక్కులో కూడా షుగర్ పక్కన మరో రెండు గళ్లు గీయండి, ఒకదానిలో పంపు మీది అంకె, రెండోదానిలో ఆహారం నడుస్తోందా ఆగిందా అన్నది. షుగర్ అంకె ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది.

ఈ భయంతో ఇన్సులిన్ పూర్తిగా ఆపమని మాత్రం అడగకండి. ఆపితే షుగర్ మళ్లీ 300 వైపు నడుస్తుంది. తగిన మోతాదు, తగిన నిఘా అడగండి. జీవితాంతం అలవాటవుతుందన్న భయం మన దగ్గర చాలా ఇళ్లల్లో ఉంది, ఆ భయంతోనే ఇంజెక్షన్ అవసరమైనవారు ఏళ్ల తరబడి వాయిదా వేసుకుని కళ్లు, మూత్రపిండాలు పాడుచేసుకోవడం చూసి నాకు చాలా బాధ కలుగుతుంది. ఇన్సులిన్ మన క్లోమం తయారుచేసే పదార్థమే, దానికి అలవాటు పడటం అంటూ ఉండదు. ఇప్పుడు గోళీలు ఎందుకు ఇవ్వడం లేదంటే, మూత్రపిండాలు, బీపీ బాగాలేనప్పుడు మెట్‌ఫార్మిన్ వల్ల రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకునే ప్రమాదం ఉంది. గ్లిమెపిరైడ్ ఒకసారి లోపలికి వెళ్తే దాని పని గంటల తరబడి సాగుతుంది, ఆహారం ఆగిందని మధ్యలో ఆపలేం. డపాగ్లిఫ్లోజిన్ వంటి గోళీలు వాడేవారికి షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుపోవచ్చు. పంపు ఒక్కటే మన చెప్పుచేతల్లో ఉండే మార్గం.

మీ దగ్గరున్న గ్లూకోమీటర్ సంగతి. ఇంటి మీటర్లకు ఉన్న ప్రమాణం ప్రకారమే, 100 పైన అంకె 15 శాతం అటూ ఇటూగా ఉండటానికి వెసులుబాటు ఉంది. ఇంట్లో కుర్చీలో కూర్చున్న మనిషికే అంత తేడా ఉన్నప్పుడు, నీరు పట్టి ఉబ్బిన వేలు, బీపీ మందులతో చల్లబడిన చేయి, 8 ఉన్న హిమోగ్లోబిన్ దగ్గర ఆ మీటర్ ఇంకా తప్పుతుంది. రక్తం తక్కువగా ఉన్నప్పుడు చాలా మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. మీరు వేలు పిండితే గానీ బొట్టు రాలేదని రాశారు, అలా పిండినప్పుడు చర్మం కింది నీరు కూడా కలుస్తుంది. అందుకే ఇలాంటి రోగులకు చేతి ధమనిలోని గొట్టం నుంచి తీసిన రక్తాన్ని పరీక్షించడం మేలు. మీ నాన్నగారికి అలాంటి గొట్టం ఉందేమో, చార్టులోని అంకె ఏ రక్తానిదో అడగండి. చాటుగా చేసే పరీక్ష మాత్రం మానేయండి. దానివల్ల చేతికి ఇన్‌ఫెక్షన్ సోకే అవకాశం ఉంది, సిబ్బందికి తెలిస్తే నమ్మకమూ పోతుంది. అనుమానం ఉన్న రోజు, "ఇప్పుడొకసారి నా ముందు చూడగలరా" అని అడగడంలో తప్పేమీ లేదు.

హైదరాబాదుకు మార్చడం గురించి. వరంగల్ నుంచి దాదాపు 145 కిలోమీటర్ల దారి, అంబులెన్సులో రెండున్నర, మూడు గంటలు. ఆ ప్రయాణంలో ఆహారం ఆపి ఉంటారు, పంపు నడుస్తూ ఉండవచ్చు, పరీక్షలు చేసే చేతులు తక్కువ, కదిలే బండిలో చిన్న తెర చదవాలి. అంటే ఐదో రోజు రాత్రి జరిగినదానికి కావలసిన పరిస్థితులన్నీ దారిలోనే ఉన్నాయి. షుగర్ 170 ఉందన్న ఒక్క కారణంతో మార్చడం వల్ల లాభం లేదు, అక్కడా అదే 140 నుంచి 180 మధ్యే ఉంచుతారు. వేరే కారణం ఉంటే, ఉదాహరణకు డయాలిసిస్ అవసరమై ఇక్కడ ఆ వసతి లేకపోయినా, ఊపిరితిత్తులు మెరుగుపడక మరో నిపుణుడు కావలసి వచ్చినా, అప్పుడు ఆలోచించాలి. అప్పుడు కూడా బీపీ మందు మోతాదు తగ్గాక, వెంట వైద్యుడు ఉండే అంబులెన్సు దొరికాక, బయల్దేరే ముందూ దారిలోనూ షుగర్ చూస్తామని ఒప్పుకున్నాకే కదిలించాలి. మధ్యే మార్గం ఒకటి ఉంది. కేసు షీటు, పరీక్షల నకళ్లు అడిగి తీసుకుని, మీ అన్నగారు హైదరాబాదులో ఒక ఐసీయూ నిపుణుడికి చూపించి అభిప్రాయం తీసుకోవచ్చు. దానివల్ల మీ తండ్రి పడక కదలదు, మీ అన్నగారికి చేయడానికి ఒక పని దొరుకుతుంది. దూరంగా ఉన్న కొడుకుకు ఏమీ చేయలేకపోవడమే పెద్ద బాధ, ఆ బాధ ఇప్పుడు మీ మీద కోపంగా వస్తోంది. వీలైతే రోజూ ఒక వేళ పెట్టుకుని, పెద్ద డాక్టరుగారి దగ్గర ఫోను స్పీకర్‌లో పెట్టి ఆయన ప్రశ్నలు ఆయన్నే అడగనివ్వండి. మీరు మోసుకెళ్లే మాటలు తగ్గితే, మీ మీద పడే మాటలూ తగ్గుతాయి.

ఇక మీ అమ్మగారి మాట, మీ ఉత్తరం చివర మూడు పంక్తుల్లో కుదించి రాసిన మాట. మనిషి తినకుండా ఉన్నప్పుడు గ్లిమెపిరైడ్ ఆపమని చెప్పడం సబబే, వేసి ఉంటే షుగర్ ఇంటి దగ్గరే పడిపోయేదేమో. చేయవలసి ఉండి చేయనిది ఒకటుంది, జ్వరం ఉన్న రోజుల్లో నాలుగైదు గంటలకొకసారి షుగర్ చూసి, డాక్టరుతో ఫోన్లోనైనా మాట్లాడి ఉండాల్సింది. అది మీకొక్కరికే కాదు, షుగర్ ఉన్నవారి ఇళ్లల్లో చాలామందికి ఎవరూ చెప్పని సంగతి. ఏళ్ల తరబడి షుగర్ అదుపు తప్పి ఉంటే ఇన్‌ఫెక్షన్లు తేలికగా వస్తాయన్నది నిజం. కానీ మూడు రోజులు గోళీలు మానినందుకు న్యుమోనియా రాదు. న్యుమోనియా వచ్చింది కాబట్టి షుగర్ 386కు పోయింది. ఈ మాట మీ అమ్మగారికి మీరు చెబితే, సమర్థించుకుంటున్నట్టు వినిపించవచ్చు. డాక్టరుగారి నోటితో చెప్పించండి, ఆమెను ఒకసారి లోపలికి తీసుకెళ్లండి.

అమ్మగారు ఫ్లాస్కులో రాగి జావ తెచ్చి గొట్టంలో పోయమని సిస్టర్‌ను బతిమాలుతున్నారని కూడా రాశారు. ఆ చేతులను కసురుకోవద్దు, కానీ ఆ జావ పోయనివ్వకండి. గొట్టంలో వెళ్లే ఆహారం గంటకు ఇన్ని మిల్లీలీటర్లని లెక్కగట్టి, దానికి సరిపడా ఇన్సులిన్ నడుపుతున్నారు. మధ్యలో లెక్కలేని జావ కలిస్తే షుగర్ పెరుగుతుంది, దానికి పంపు పెంచుతారు, జావ అరిగిపోయాక షుగర్ పడిపోతుంది. గొట్టం తీసి నోటితో తినడం మొదలుపెట్టిన రోజు, డాక్టరు ఒప్పుకుంటే మొదటి గిన్నె ఆమె చేతి జావే ఇవ్వవచ్చు.

ఆ రోజు వచ్చినప్పుడు మరొకటి గమనించండి. పంపు నుంచి చర్మం కింది ఇంజెక్షన్లకు మారేటప్పుడు, నిదానంగా పనిచేసే ఇన్సులిన్ ఇంజెక్షన్ ఇచ్చిన గంట, రెండు గంటల తర్వాతే పంపు ఆపాలి. ముందే ఆపితే షుగర్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. స్టెరాయిడ్ ఇస్తున్నట్టయితే, దాన్ని తగ్గించే రోజుల్లో ఇన్సులిన్ కూడా తగ్గించాలి. హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించారేమో అడగండి, అది గడిచిన రెండు మూడు నెలల సగటును చెబుతుంది, అయితే రక్తం ఎక్కించి ఉంటే ఆ అంకెను నమ్మలేం. ఇంటికి పంపే రోజున ఏ గోళీలు ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో, క్రియాటినిన్ ఎంతకు దిగాక మెట్‌ఫార్మిన్ ఇవ్వవచ్చో, ఇన్సులిన్ ఇస్తే ఎన్నాళ్లో, ఎంతకు పడితే తగ్గించాలో కాగితం మీద రాయించుకోండి. పాత చీటీ ప్రకారం ఇంట్లో ఉన్న గోళీల డబ్బాను ఆ కాగితంతో సరిచూసే వరకు ఎవరూ తెరవకండి. కోలుకుంటున్న మనిషి తిండి తక్కువగా తింటాడు, మొదటి వారంలోనే షుగర్ పడిపోయే అవకాశం ఎక్కువ. పొద్దున, రాత్రి చూసి, ఇప్పటిలాగే మీ నోటుబుక్కులో రాసి, వారంలోపు డాక్టరుకు చూపించండి. మీ అన్నగారు పంపిన గ్లూకోమీటర్ అప్పుడు పనికొస్తుంది.